సాకులు వద్దన్న తీర్పరి

జనగామ,
ఆగస్టు మొదటి ఆదివారం

అక్కా,

వందనాలు. ప్రార్థన నుంచి వచ్చి బట్టలైనా మార్చకుండా కాగితం ముందు కూర్చున్నాను. పెద్దవంగరలో అమ్మ బాగానే ఉంది. నువ్వు గంగారంలో వేళకు తింటున్నావా లేదా అని నా ప్రాణం తీస్తోంది. పిడుగు పడి మీ టవర్ పోయాక ఆమె పోరు మొత్తం నా మీదే పడింది.

టవర్ ఉన్నా ఈ సంగతి కాగితం మీదే రావాలి కదా. మన రణకోట లీగ్ మొదలుపెట్టినప్పుడు పద్ధతి పెట్టింది నువ్వే. ఫిర్యాదు కాగితం మీద పోవాలి, తీర్పు నీ సంతకంతో కాగితం మీద రావాలి, దాన్ని రెండు జట్ల ముందు పైకి చదవాలి. ఫోన్‌లో పంపిన తీర్పును ఎవడో సగం కోసి తిప్పితే జనగామ వాళ్లకూ భూపాలపల్లి వాళ్లకూ ఎంత లొల్లి అయిందో మరిచిపోలేదు. అందుకే ఫోన్‌లో ఆడే ఆటకు నేను మీ ఊరి జాల్యా ఆటోలో ఉత్తరం పంపుతున్నాను. ఇక్కడ ఇంకో జట్టు నడిపే హర్షవర్ధన్ నవ్వుతాడు, కానీ నీ తీర్పు అంటే వాడూ కాదనడు.

సంగతి ఇది. సెమీఫైనల్‌లో ఒక ఆటగాడు బయటి పనిముట్టు వాడాడు. ఆట మీద ఇంకో చిన్న యాప్ కూర్చుంటుంది. రణకోటలో ఎడమ బొటనవేలితో మనిషిని నడిపిస్తాం, కుడి బొటనవేలితో తుపాకీ పట్టుకుంటాం. ఈ యాప్ ఉంటే కుడిచేత్తో ఒక్కసారి తాకితే చాలు, మనిషి ఆ చోటికి తనే నడిచిపోతాడు. అందులోనే రెండో భాగం ఒకటి ఉంది, అది తుపాకీ వణకకుండా గురిని ఆపుతుంది. ఆటగాడు మొదటిది ఒప్పుకున్నాడు, రెండోది ముట్టలేదంటున్నాడు. నిజమో కాదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఆట కంపెనీ వాళ్లు గురినీ వేగాన్నీ మార్చే వాటినే పట్టుకుంటారు. మన లీగ్ నియమం అంతకన్నా గట్టిది, ఆటలో లేనిది ఏదీ ఫోన్‌లో ఉండొద్దని.

నువ్వు చెప్పినట్టే పేరు రాయలేదు, జట్టు రాయలేదు, సాకులు రాయలేదు. ఫైనల్ వచ్చే నెల చివర్లో. అక్కా, ఈసారి తీర్పు రాసే ముందు నీకు ఏమైనా అడగాలనిపిస్తే అడుగు. నువ్వు అడిగితే జవాబు చెప్పాలని నియమంలో ఉంది. అడగకుండా చెప్పే వీలు నాకు లేదు.

నీ తమ్ముడు
మహేందర్


గంగారం,
ఆగస్టు

తమ్ముడూ,

నీ ఉత్తరం తడిసి వచ్చింది. జాల్యా దాన్ని సీటు కింద పెట్టి, మీద మిర్చి నారు పెట్టాడు. అయినా చదవగలిగాను.

చదవగానే నవ్వొచ్చింది. పేరు రాయలేదు, జట్టు రాయలేదు అని గొప్పలు పోయావు కదా, నీ అక్షరాలే చెప్పేశాయి. పదో తరగతిలో లెక్కలు తప్పి, ఆ మార్కుల కాగితం అమ్మకు చూపించడానికి వచ్చినప్పుడు నీ మొహం ఎట్లా ఉందో ఈ రాత అట్లా ఉంది. మన జట్టువాడే అయ్యుంటాడు. కాకపోతే 'అడుగు అడుగు' అని అన్నిసార్లు గోకవు.

పోయిన ఏడాది గుర్తుందా? పత్తి తీసే రోజుల్లో మీ జట్టు వాళ్లు ఒకరి పేరు మీద ఇంకొకరు ఆడారు. నీ చేను నేను తీస్తా, నా చేను నువ్వు తీయి అని ఊర్లో బదులు పోతారు కదా, ఆటలో కూడా బదులు పోయినం, తప్పేంది అన్నావు. నేను మీ పాయింట్లు కోసేశాను. నాతో రెండు నెలలు మాట్లాడలేదు నువ్వు. కానీ ఆ రోజు నుంచే మూడు జిల్లాల పిల్లలు 'షారోన్ అక్క చెప్తే అయిపాయె' అనడం మొదలుపెట్టారు. సొంత తమ్ముణ్ణే వదలని మనిషి అని మీ దగ్గర ఫంక్షన్ హాల్ నడిపే హన్మంత్ పటేల్ అక్కడే మైకు పట్టుకుని మరీ అన్నాడట. ఉన్నమాట చెప్తున్నాను, ఆ మాట నాకు చాలా బాగుంది. ఈ అడవిలో నర్సుగా జ్వరాల మధ్య తిరిగేటప్పుడు అది తలచుకుంటే కాళ్లకు బలం వస్తుంది.

కాబట్టి నేనేమీ అడగను. అడిగితే నువ్వు చెప్తావు, చెప్తే నా మనసు మెత్తబడుతుంది. టీకా సీసా మూత తెరిచి వేళ దాటితే పారేయాల్సిందే. తెచ్చినామె ఎంత దూరం నడిచి తెచ్చిందని సీసాను అడగం.

తీర్పు వేరే కాగితం మీద పెట్టాను. యాప్ వాడిన ఆటగాడు ఈ ఏడాది ఆడకూడదు. అతని ఆటపేరు లీగ్ పేజీలో, వాడకూడనివి వాడినవాళ్ల వరుసలో పెట్టాలి. ఫైనల్‌కు అతని జట్టు వేరే మనిషిని చూసుకోవాలి. చదివి వినిపించు.

అలగకు.

అక్క
షారోన్


జనగామ,
ఆగస్టు చివర

అక్కా,

చదివాను. రెండు జట్లూ వీడియోలో కలిశాయి. ఫైనల్‌లో మనతో ఆడే హర్ష మనుషులు చప్పట్లు కొట్టారు. నువ్వు ఊహించింది నిజమే, మన జట్టు ఆటగాడే. అతను కెమెరా పెట్టలేదు, ఎప్పుడూ పెట్టడు. "మంచిది తమ్మీ" అని రెండే మాటలన్నాడు, లైన్ పెట్టేశాడు. ఒక్కసారైనా గట్టిగా అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అతని ఆటపేరు పేజీలో పెట్టాను. పెట్టిన దగ్గర్నుంచి ఫోన్ రిపేరు దుకాణంలో నా చెయ్యి ఆడటం లేదు. నిన్న ఒకాయన ఫోన్‌కు అద్దం మార్చమంటే, పక్కాయన ఫోన్ విప్పి పెట్టాను. తిట్టించుకున్నాను. సంగతేంటో సంగీత అడిగితే ఆమె మీద విసుక్కున్నాను. పెళ్లై ఏడాది కాలేదు, ఆట మీద అలిగే మొగుడు దొరికాడని ఆమె వాళ్ల అమ్మకు ఫోన్‌లో చెప్తుంటే విన్నాను.

హర్షను తప్పుపట్టను. మన సెమీఫైనల్ చూస్తూ వాడు కనిపెట్టింది వాడు చెప్పాడు. తెర మీద ఆటలో లేని గుండ్రటి గుర్తు కనిపిస్తే ఎవరైనా అడుగుతారు. నా బాధ వేరే.

నేను ఒకరికి మాట ఇచ్చాను. ఆ మాట దాటకుండా ఉండాలంటే నువ్వే అడగాలి. తీర్పు తర్వాత కూడా తీర్పరి అడగొచ్చని నియమంలో రాసుకున్నాం కదా. అక్కా, బతిమాలుతున్నాను. 'ఎందుకు' అని ఒక్క మాట రాసి జాల్యాకు ఇవ్వు. నాకోసం కాదు.

మహేందర్


మహబూబాబాద్,
సెప్టెంబర్

మహేందర్,

నెల మీటింగ్ కోసం మహబూబాబాద్ వచ్చాను. ఇది బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. గంగారం బస్సు ఒకటి పోయింది, నేను ఎక్కలేదు.

దవాఖానలో మధ్యాహ్నం అన్నం దగ్గర నా పక్కన ఒక పిల్ల కూర్చుంది. పేరు యమున. ఇక్కడే నర్సు, ఊరు టేకుమట్ల. నేను గంగారం నుంచి వచ్చానంటే, అక్కడ ఏ జ్వరాలు ఎక్కువ అని అడిగింది. మాటల్లో వాళ్ల అన్న రాజమల్లు సంగతి వచ్చింది. పోయిన యాసంగి పంటకు మక్కజొన్న పట్టే మిషన్ ఎడమచేతిని లాక్కుందట. బొటనవేలు మొదలంటా పోయింది, పక్క వేలు సగం పోయింది. అప్పటి నుంచి పెళ్లికి పోడు, చావుకు పోడు, చేతి మీద తువ్వాల తీయడు. ఫోన్‌లో ఏదో ఆట ఒక్కటి ఆడేవాడు, ఆ కాసేపు ఇంట్లో వాళ్లకు అతని నవ్వు వినిపించేది. ఇప్పుడు అదీ పోయింది.

ఆ పిల్లకు నేనెవరో తెలియదు. ఆమె నాతో చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఎవరో పెద్దమనిషంట అక్కా, అడివిల కూసొని తీర్పు రాసిందంట. మా అన్నను ఒక్క మాట అడగలె. ఆమెకు రెండు చేతులు మంచిగనే ఉండొచ్చు."

నేను మంచినీళ్లు తాగి, లేచి చెయ్యి కడుక్కున్నాను. నేనే అని చెప్పలేదు. ధైర్యం చాలలేదు.

నీ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఏం మనిషివిరా నువ్వు? పేరు వద్దన్నాను, సాకులు వద్దన్నాను. తెగిన వేలు సాకు అవుతుందా? 'అడుగు అడుగు' అని పిల్లాడిలా గోకే బదులు, రాసి పడేస్తే నీ చెయ్యి విరిగేదా? నా చేత ఇంత పని చేయించావు. నాకు జవాబు కావాలి. ఇదిగో అడుగుతున్నాను, ఎందుకు?

షారోన్


భూపాలపల్లి,
సెప్టెంబర్

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నేరుగా ఇక్కడికి వచ్చాను. రాజమల్లన్న టేకుమట్ల నుంచి సరుకులకు ఈ ఊరు వస్తాడు. ఇద్దరం బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్క హోటల్లో కూర్చుని చాయ్ తాగాం. ఆయన కుడిచేత్తోనే కప్పు పట్టుకున్నాడు. ఎడమచెయ్యి తువ్వాల కింద, ఒళ్లో.

నీకు తెలిసిందని నేను చెప్పలేదు. తను చెప్పింది తీర్పరికేనని యమునకే తెలియదు కాబట్టి అది ఆయనకు తెలిసే దారి లేదు.

నా మీద కోపం నాకూ ఉంది. జవాబు విను. ఫిర్యాదు వచ్చిన రోజే నేను ఆయనకు ఫోన్ చేసి, అన్నా, చేతి సంగతి రాస్తా, మా అక్క అర్థం చేసుకుంటది అన్నాను. ఆయన ఒట్టు వేయించుకున్నాడు. నియమం ప్రకారం నువ్వే అడిగితే చెప్పాల్సి వస్తుందని నేను మొండికేస్తే, అడిగితే చెప్పు, అడగకుంటే చెప్పొద్దు అన్నాడు. నువ్వు అడగవని నాకన్నా ఆయనకే బాగా తెలిసినట్టుంది. ఆయన మాటలు ఇవి:

"తమ్మీ, ఊర్లె అందరు నన్ను చూసి అయ్యో అంటరు. గా ఆటల ఒక్క దాంట్లనే అనరు. ఆడ నన్ను చూస్తే భయపడి ఉరుకుతరు. మీ అక్క తీర్పు పదిమంది ముంగట చదువుతవు కదా. రాజమల్లుకు ఏలు లేదు, అందుకని ఆడనిస్తున్నం అని చదివితే, ఇగ గాడ గూడ అయ్యో అనుడే. గది నాకొద్దు. గట్ల ఆడనిచ్చేది ఆట కాదు, దానం."

ఇప్పుడూ అదే మాట. ఫైనల్ సంగతి ఎత్తితే, తప్పు చేసిన, నియమం ఉంది, తీర్పు ఉంది, అయిపోయింది అన్నాడు. కానీ చాయ్ అయ్యాక అడిగాడు, హర్ష వాళ్లు ఈసారి కొండ వైపు నుంచి వస్తారా వాగు వైపు నుంచి వస్తారా అని. అడిగి, నా మొహం చూడకుండా రోడ్డు వైపు చూశాడు.

గురి ఆపే భాగం సంగతి కూడా అడిగాను. ఆ యాప్‌లో దాన్ని తీసేసే వీలుంది, తీసేసి చూపిస్తా అన్నాడు. ముట్టలేదనే చెప్పాడు. నేను నమ్ముతున్నాను, కానీ నా నమ్మకం సాక్ష్యం కాదని నువ్వే అంటావు.

అక్కా, ఏదైనా దారి చూడు. ఆయన ఆడాలి. చేతి సంగతి బయటికి రావొద్దు. రెండూ కలిసే దారి నాకైతే కనిపించడం లేదు. పరేషాన్‌గా ఉంది. తిరుగు బస్సులో సీటు దొరికినా నిలబడే పోయేలా ఉన్నాను.

మహేందర్


గంగారం,
సెప్టెంబర్

తమ్ముడూ,

నీ మీద కోపం పోయింది. పోయి నా మీదికి వచ్చింది.

నిన్నంతా ఊరూరా తిరిగి పిల్లలకు టీకాలు వేశాను. ప్రతి తల్లినీ అడిగాను. జ్వరం వచ్చిందా, పోయినసారి సూది పడిందా, మందులేమైనా వాడుతున్నారా. అడగకుండా సూది వేస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు, తీసేయాలి కూడా. తీర్పరి కుర్చీలో కూర్చోగానే మాత్రం అడగకపోవడమే న్యాయం అనుకున్నాను. ఎందుకో చెప్పనా? అడగనందుకే నాకు పేరొచ్చింది. మన జట్టువాడని పసిగట్టాక ఇంకా త్వరగా రాశాను. నా పేరు కోసం రాజమల్లన్నను ఆట బయట పెట్టాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ రాయలేను.

రెండు రోజులు ఆలోచించాను. ఒక్కడికే మినహాయింపు రాస్తే కారణం చెప్పాలి. కారణం చెప్తే ఆయన చెయ్యి మైకులో పడుతుంది. కాబట్టి మినహాయింపు రాయడం లేదు. నియమాన్నే మారుస్తున్నాను. అసలు తప్పు అక్కడే ఉంది. ఆటలో లేనిది ఏదీ ఫోన్‌లో ఉండొద్దని రాసినప్పుడు, అందరి చేతులూ నా చేతుల్లాంటివే అనుకున్నాను.

చదవాల్సిన కాగితం ఇది:

'ఆగస్టులో ఇచ్చిన తీర్పు రద్దు. ఇకనుంచి మనిషిని నడిపించడానికి సాయపడే యాప్‌ను ఏ జట్టువారైనా, ఎవరైనా వాడవచ్చు. గురిని ఆపేది, వేగం పెంచేది ఎవరూ వాడకూడదు. ఫైనల్‌కు ముందు రెండు జట్ల వాళ్లందరూ తమ ఫోన్ తెరను రెండో జట్టుకు చూపించాలి. అలా చూపించిన ఆటగాళ్లు ఎవరైనా ఆడవచ్చు. ఆ ఆటపేరును పేజీలోంచి తీసేయాలి. షారోన్, తీర్పరి.'

ఎందుకు మార్చావని హర్ష అడుగుతాడు. అడగాలి, అది వాడి హక్కు. లీగ్ సగంలో నియమం మార్చడం తప్పే. తమ్ముడి జట్టు ఫైనల్‌కు వచ్చాక అక్క నియమం మార్చింది అంటారు. హన్మంత్ పటేల్ ఆ మైకులోనే అంటాడు. నువ్వు నోరు మూసుకుని ఉండు. ఒక్క మాట జారినా నేను నీతో మాట్లాడను, ఈసారి రెండు నెలలు కాదు.

రాజమల్లన్నకు కూడా చెప్పొద్దు. నాకు తెలిసే మార్చానని తెలిస్తే ఆయన ఫోన్ ముట్టడు.

జాల్యా హారన్ కొడుతున్నాడు.

అక్క


జనగామ,
అక్టోబర్ మొదట్లో

అక్కా,

గెలిచాం. ముందు ఆ మాట రాస్తే మిగతాది రాయడానికి చెయ్యి వస్తుందనుకున్నాను, రావడం లేదు.

ఆటగాళ్లంతా ఎవరి ఇళ్లలో వాళ్లు. ఫంక్షన్ హాల్లో పెద్ద తెర, కుర్చీల నిండా జనం. నీ కాగితం చదవగానే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. హర్ష లేచి, కారణం ఏందని అడిగాడు. కాగితం మీద ఉన్నదే తీర్పు అన్నాను. "పోయిన ఏడు తమ్మునికి పాయింట్లు కోసింది, ఈ యేడు తమ్ముని కోసం కానూనే కోసింది" అన్నాడు వాడు. జనం నవ్వారు. హన్మంత్ పటేల్ మైకులో పెద్దగా ఏమీ అనలేదు, ఆడపిల్లల మనసు అన్నాడు. అది ఇంకా మండింది నాకు. సంగీత నా మోచేయి గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టింది. నోరు మూసుకునే ఉన్నాను, నీ మీద ఒట్టు.

తెరలు చూపించుకున్నారు. రాజమల్లన్న ఫోన్‌లో గురి ఆపే భాగం లేదు, హర్షే స్వయంగా చూసి సరే అన్నాడు. ఆయన ఆట నువ్వు చూడాల్సింది. తుపాకీ వణికింది, కొన్ని తూటాలు పోయాయి, అయినా చివరి దాకా నిలబడ్డాడు. వాగు వైపు నుంచే వచ్చారు వాళ్లు. ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు.

ఆట కాగానే ఆయనకు ఫోన్ చేశాను. సంబరపడతాడనుకున్నాను. ఇట్లా అన్నాడు:

"తమ్మీ, ఒక మాట చెప్త, మనసుల పెట్టుకోకు. మీ అక్క మంచిది కాదు. నేను తప్పు చేసిన, నన్ను తీసేసింది, అప్పుడు ఆమె మీద నాకు ఇజ్జత్ ఉండె. ఇప్పుడు నీ కోసం తిప్పి రాసింది. హర్ష అన్నది అబద్ధం కాదు. నేను ఆడి గెలిచిన, గది నాకు ఎర్కే. కని గసొంటి మనిషి తీర్పు చెప్పే లీగ్‌ల వచ్చే యేడు నేను ఆడనే ఆడ."

నా గొంతు దాకా వచ్చింది అక్కా. నీకు తెలుసనీ, తెలిసే నీ పేరు పోగొట్టుకున్నావనీ చెప్పేద్దామనుకున్నాను. పళ్లు బిగబట్టి, సరే అన్నా, అన్నాను. నా వల్ల కావడం లేదు. ఊరంతా అన్నది ఒక ఎత్తు, ఆ మనిషి అన్నది ఒక ఎత్తు. ఆయనకొక్కడికైనా చెప్పనివ్వు. ఆయనొక్కడికే.

మహేందర్


గంగారం,
అక్టోబర్

తమ్ముడూ,

చెప్పొద్దు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను, దాచను. హర్ష అన్నదానికి కాదు, పటేల్ అన్నదానికి కాదు. రాజమల్లన్న అన్నదానికే ఏడ్చాను. తర్వాత ఆ మాటలు మళ్లీ చదివాను. 'నేను ఆడి గెలిచిన' అన్నాడు చూశావా. మిషన్ చెయ్యి లాక్కున్నాక ఆ మాట ఎప్పుడైనా అని ఉంటాడా? నువ్వు నిజం చెప్పిన క్షణం అది పోతుంది. నాకు నా పేరు తిరిగి వస్తుంది, ఆయనకు మళ్లీ అయ్యో వస్తుంది. ఆ బేరం నాకొద్దు.

దీంతో పాటు ఇంకో కాగితం పెట్టాను. తీర్పరి పని మానేస్తున్నానని రాసి సంతకం చేశాను. హాల్లో చదువు. కొత్తగా ఎవరిని పెట్టుకున్నా, నియమం మాత్రం అట్లాగే ఉంచేలా అందరినీ ఒప్పించు. తీర్పు రాసే ముందు తప్పకుండా అడగాలని ఇంకో నియమం చేర్చు. దాన్ని నేను పెట్టానని చెప్పకు, నువ్వే పెట్టానని చెప్పు.

అది చదివాక రాజమల్లన్నకు ఫోన్ చెయ్యి. మా అక్క సంగతి నువ్వన్నది నిజమే అన్నా, అందుకే ఆమెను తీసేసినం అను. గొంతు వణకకుండా అను.

వచ్చే ఏడు ఆడమను.

అక్క
షారోన్